ముందు ఎడమ సీటులో కూర్చో తమ్ముడూ

ప్రశ్న: అక్కా, మాది కొండమల్లేపల్లి దగ్గర ఒక పల్లె. నాకు 26 ఏండ్లు. డిప్లొమా అయ్యాక ఆరేండ్లుగా నల్లగొండలో ఒక కార్ల షెడ్డులో మెకానిక్‌గా పనిచేస్తున్నాను. ర్యాలీ డ్రైవర్ కావాలన్నది నా కోరిక. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2013 డీజిల్ స్విఫ్ట్ ఉంది. చిట్టీ ఎత్తితే నాలుగు లక్షల దాకా వస్తాయి. ఆ డబ్బుతో రోల్ కేజ్ (పల్టీ కొట్టినా కాపాడేలా కారు లోపల బిగించే ఇనుప గొట్టాల చట్రం), మంచి సస్పెన్షన్ వేయించి కారు రెడీ చేద్దామనుకుంటున్నాను. రాత్రి పది దాటాక డిండి రోడ్డు మీద, అప్పుడప్పుడు ఆదివారం పొద్దున్నే మన్ననూరు మలుపుల్లో ప్రాక్టీస్ చేస్తున్నాను. అమ్మకు తెలియదు. కారుకు ముందుగా ఏం చేయించాలి? 26 ఏండ్లకు మొదలుపెడితే ఆలస్యమైనట్టా? మన వైపు నుంచి ఈ ఆటలోకి వెళ్ళే దారి ఉందా?

జవాబు:

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మన వైపు నుంచి ఒక పిల్లవాడు ర్యాలీ గురించి ఇంత ఇష్టంగా రాశాడని మొదటిసారి సంబరపడ్డాను. రెండోసారి డిండి రోడ్డు అన్న మాట దగ్గర ఆగిపోయాను. అందుకే నువ్వడిగిన కారు సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ రాత్రి ప్రాక్టీస్ మానెయ్. ఇవాళ్టి నుంచే మానెయ్.

ఆ టైముకు రోడ్డు ఖాళీగా ఉంటుందంటావు. కొన్నేండ్ల కింద యాసంగి కోతల రోజుల్లో దేవరకొండలో పెండ్లికి వెళ్ళి రాత్రి తిరిగొస్తున్నాం. మా ఆయన బండి నడుపుతున్నారు, యాభైలోనే ఉన్నారు. ఉన్నట్టుండి గట్టిగా బ్రేక్ కొట్టారు. దిగి చూస్తే సగం రోడ్డు దాకా వడ్ల కుప్ప. వాన పడుతుందేమోనన్న భయంతో దాని మీద నల్ల టార్పాలిన్ కప్పారు. అది గాలికి లేవకుండా అంచు పొడుగునా తలకాయంత రాళ్ళు పెట్టారు. నల్లటి తారు మీద నల్లటి పట్టా, హెడ్‌లైట్ వెలుతురులో ఏమీ తెలియలేదు. మా బంపర్‌కూ మొదటి రాయికీ మధ్య నాలుగడుగులు ఉందేమో. కుప్ప పక్కనే నులక మంచం మీద ఒక పెద్దాయన కాపలా పడుకుని ఉన్నాడు. ఆయనకు మెలకువ కూడా రాలేదు.

ఇప్పుడు లెక్క చూడు. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. డిమ్ లైట్‌లో స్పష్టంగా కనిపించేది యాభై మీటర్లు, అటూ ఇటూగా. నీ కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేక్ మీదికి వచ్చేసరికే అందులో సగం అయిపోతుంది. మిగిలిన సగంలో ఏ కారూ ఆగదు. నువ్వు ఎంత బాగా నడిపినా ఆగదు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు దాటే గొర్ల మందలు, పక్కకు తీయకుండా ఆపిన బోరు బండ్లు, ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వు అక్కడే పుట్టి పెరిగినవాడివి.

మన్ననూరు సంగతి ఇంకొకటి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేది జంతువుల కోసమే. గేటు ఎత్తగానే అవి రోడ్డు దిగి వెళ్ళిపోవు. ఆ పొద్దుటి వేళ దుప్పులు, అడవి పందులు రోడ్డు పక్కనే ఉంటాయి. ఆ మలుపుల్లో టైము చూసుకుంటూ తోలడం వాటికీ అన్యాయమే, శ్రీశైలం పోయే జనానికీ అన్యాయమే. ఇక చట్టం. అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు, వేగ పరీక్షలు పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే ఏడాది దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఈ ఆటలో పైకి రావాలనుకునేవాడి పేరు మీద అలాంటి కేసు ఉండకూడదు.

అసలు ర్యాలీ అంటే ఏమిటో ఒకసారి సరిగ్గా అనుకుందాం. చాలామంది రేసుకూ ర్యాలీకీ తేడా లేదనుకుంటారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ చూసినవాళ్ళకు అన్ని కార్లూ ఒకేసారి కదిలి ఒకదాన్నొకటి దాటడమే కళ్ళ ముందు మెదులుతుంది. ర్యాలీలో అలా ఉండదు. కార్లు ఒక్కొక్కటిగా, నిమిషం రెండు నిమిషాల తేడాతో బయలుదేరుతాయి. జనాన్ని, బండ్లను ఆపి, అంబులెన్సు పెట్టి మూసేసిన రోడ్డును స్పెషల్ స్టేజ్ అంటారు. వేగమంతా అక్కడే. ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కు మామూలు రోడ్డు మీద, మామూలు ట్రాఫిక్‌లో, సిగ్నల్ పడితే ఆగుతూ వెళ్ళాలి. దారిలో టైమ్ కంట్రోల్ అని ఉంటుంది. నీ కార్డులో రాసిన నిమిషానికే అక్కడ హాజరు కావాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక నిమిషం ఆలస్యమైతే 10 సెకన్లు కలుపుతారు. ఒక నిమిషం ముందొస్తే ఏకంగా ఒక నిమిషం కలుపుతారు. ఆలస్యం కంటే తొందరకు ఆరు రెట్ల శిక్ష. నేను కొత్తవాళ్ళకు మొదట చెప్పేది ఈ నిబంధనే. ఈ ఆట ఎలాంటి మనిషిని కోరుకుంటుందో ఇందులోనే తెలుస్తుంది.

మూసేసిన రోడ్డు అన్నాను కదా. ఆ మూయడం ఎంత కష్టమో కూడా నువ్వు తెలుసుకోవాలి. 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బార్మేర్ జిల్లాలో జాతీయ చాంపియన్‌షిప్ ర్యాలీ జరుగుతుంటే స్టేజ్ మీదికి ఒక బైకు వచ్చింది. మలుపు తిరిగి వేగంగా వస్తున్న కారు దాన్ని ఢీకొట్టింది. భార్యాభర్తలు, వాళ్ళ కొడుకు, ముగ్గురూ చనిపోయారు. అనుమతులు, స్టేజ్ పక్కన నిలబడి జనాన్ని ఆపే మార్షల్స్, పోలీసులు ఉన్న చోటే అలా జరిగింది. నీ డిండి రోడ్డు మీద వీళ్ళలో ఒక్కరైనా ఉన్నారా?

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్న మాట. నువ్వు ముందు స్టీరింగ్ పట్టకు, ఎడమ సీటులో కూర్చో. డ్రైవర్ పక్కన కూర్చుని దారి, లెక్క చెప్పే నావిగేటర్‌గా మొదలుపెట్టు.

నిరాశపడకు. నేను అలాగే వచ్చాను. మహబూబ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయనకు ర్యాలీ పిచ్చి, పక్కన కూర్చుని లెక్క చూసే మనిషి దొరక్క నన్ను ఎక్కించుకున్నారు. అది టీఎస్‌డీ ర్యాలీ. టైమ్, స్పీడ్, డిస్టెన్స్ అని. మామూలు కారుతో, ఓపెన్ రోడ్డు మీద, ట్రాఫిక్ నియమాలు పాటిస్తూ ఆడే ఆట. రోడ్ బుక్ ఇస్తారు. అందులో ఒక్కో మలుపుకు ఒక్కో బొమ్మ ఉంటుంది. చుక్క ఉన్న వైపు నుంచి నువ్వు వస్తున్నావు, బాణం ఉన్న వైపు పోవాలి. ఆ బొమ్మలను ట్యులిప్ అంటారు. హాలెండ్‌లో జరిగే ట్యులిప్ ర్యాలీ పేరు వాటికి అలా నిలిచిపోయింది. ఎంత సగటు వేగంతో పోవాలో కూడా బుక్కులోనే రాసి ఉంటుంది. 30, 36, 40 అలా. నీ టైము ఎక్కడ చూస్తారో మాత్రం చెప్పరు. చెట్టు చాటున కూర్చున్న మార్షల్ నీ కారు దాటిన సెకను రాసుకుంటాడు. ఇప్పుడు చాలాచోట్ల జీపీఎస్ పెట్టి చూస్తున్నారు. ఆలస్యమైతే సెకనుకు ఒక పాయింటు, ముందొస్తే రెండు, చాలా ర్యాలీల్లో ఇదే పద్ధతి. పాయింట్లు తక్కువ ఉన్నవాళ్ళు గెలుస్తారు.

మా మొదటి ర్యాలీలో రెండో సెక్షన్ 18.4 కిలోమీటర్లు, సగటు వేగం 36. నాకు లెక్క నోటికొచ్చేసింది. 36 అంటే సెకనుకు పది మీటర్లు, కిలోమీటరుకు సరిగ్గా 100 సెకన్లు, మొత్తం 30 నిమిషాల 40 సెకన్లు. ఇంత సులువా అనుకున్నాను. బుక్కులో 7.35 దగ్గర బొమ్మ ఉంది. కల్వర్టు దాటగానే కుడివైపు మట్టి బాట. మా ట్రిప్ మీటర్ 7.3 దాటి 7.4కు తిరుగుతోంది, ముందు కల్వర్టు కనిపించింది, పక్కనే కుడికి ఎర్రటి బాట ఉంది. తిప్పమన్నాను. ఆయన తిప్పారు. రెండు కిలోమీటర్లు పోయాక బాట కాస్తా ఒక మామిడి తోట ముళ్ళకంచె దగ్గర ఆగిపోయింది. లోపల నీళ్ళు పెడుతున్నాయన తల ఎత్తి, "ఇటు రోడ్డు లేదమ్మా, అందరూ ముందటి కల్వర్టు కాడ తిరిగిండ్రు" అన్నాడు. మా వాచీలో ఎనిమిది నిమిషాలు పోయాయి.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రి ఇంటికొచ్చి కాగితం మీద వేసుకుంటే తెలిసింది. బుక్కులో మొదటి 10 కిలోమీటర్లు మీటర్ సరిచూసుకోవడానికే ఇచ్చారు. అక్కడ మా మీటర్ 10.2 చూపించింది. నేను పట్టించుకోలేదు. పదిని 10.2తో భాగిస్తే 0.98. మా మీటర్ చూపించే ప్రతి అంకెనూ దాంతో గుణించాలి. అలా చూస్తే మేము తిరిగింది 7.2 దగ్గర. అసలు మలుపు ఇంకో 150 మీటర్ల ముందుంది. రెండు శాతం తేడా ఒక తప్పుడు కల్వర్టు దగ్గర దింపింది. మీటర్ తేడా ఎందుకొస్తుందో నీకు చెప్పక్కర్లేదు. టైరు సైజు, అరుగుదల, గాలి, అన్నీ కలుస్తాయి. పెద్ద టైర్లు వేసుకుని పాత లెక్కతోనే వెళ్ళే కుర్రాళ్ళను ఇప్పటికీ చూస్తుంటాను.

టీఎస్‌డీకి పెద్ద ఖర్చు లేదు. నీ స్విఫ్ట్ ఉన్నదున్నట్టుగా సరిపోతుంది. ఎంట్రీ ఫీజు, డీజిల్, రెండు వాచీలు, క్యాలిక్యులేటర్, క్లిప్ ప్యాడ్, చీకట్లో చదువుకోవడానికి చిన్న లైటు. ఒక్కటి మాత్రం ముందే చూసుకో. మన బండ్ల ఇన్సూరెన్సు పాలసీల్లో పందేలు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్‌కు వర్తించదని రాసి ఉంటుంది. నువ్వు వెళ్ళే ర్యాలీ నిర్వాహకులు ఏ కవర్ ఇస్తున్నారో, నీ పాలసీ ఏం చెప్తోందో ఎంట్రీ కట్టకముందే అడుగు.

ఇంటి దగ్గర సాధన ఎలాగంటావా, రెండు పనులు చెప్తాను. రెండూ పగలు చేసేవే.

మొదటిది, నీ సొంత రోడ్ బుక్ తయారుచెయ్. కొండమల్లేపల్లి చౌరస్తా నుంచి మొదలుపెట్టి నీకు తెలిసిన ఊళ్ళ రోడ్ల మీద ఒక నలభై కిలోమీటర్లు. ప్రతి మలుపు, ప్రతి కల్వర్టు, బడి గోడ, పోచమ్మ గుడి, చెరువు కట్ట మొదలయ్యే చోటు, అన్నింటి దూరాలూ రాసుకుని బొమ్మలు గియ్యి. వారం తర్వాత నీ దోస్తును డ్రైవింగ్ సీటులో కూర్చోబెట్టి సగటున 30 పెట్టి నడిపించు. ఊరి మధ్యలో నెమ్మదించక తప్పదు, బర్రెలు అడ్డొస్తాయి, లారీ వెనక చిక్కుకుంటారు. పోయిన సెకన్లను తొందరపడకుండా తర్వాతి మూడు కిలోమీటర్లలో ఎలా కూడబెట్టాలో అప్పుడు అర్థమవుతుంది. ఒక గంట తర్వాత కంట్రోల్ దగ్గరికి ఐదు సెకన్ల తేడాలో చేరగలిగితే నాకు రాయి.

రెండోది, ఆర్టీసీ బస్సు. హైదరాబాద్ పోయే బస్సులో డ్రైవర్‌కు ఎడమవైపు ముందు సీటు పట్టుకో. నోట్‌బుక్ తీసి పేస్ నోట్స్ రాయి. స్టేజ్ ర్యాలీలో నావిగేటర్ చదివేది అదే. ముందు రోజు డ్రైవర్, నావిగేటర్ కలిసి మామూలు కారులో నెమ్మదిగా స్టేజ్ అంతా తిరిగి, ప్రతి మలుపుకూ ఒక అంకె ఇచ్చి రాసుకుంటారు. దీన్ని రెక్కీ అంటారు. చాలామంది బాగా మెలితిరిగిన మలుపుకు 1, దాదాపు తిన్నగా పోయేదానికి 6 పెట్టుకుంటారు. కొందరు దీన్ని తిప్పి వాడతారు. ఏదైనా సరే, ఇద్దరికీ ఒకటే ఉండాలి. "కుడి నాలుగు, ఎనభై, ఎడమ రెండు, కోయకు", ఇలా ఉంటుంది చదవడం. ఎనభై అంటే తర్వాతి మలుపు దాకా మీటర్లు. కోయకు అంటే లోపలి అంచు కోసుకుని పోవద్దు, అక్కడ రాయి ఉంది. రోడ్డు గుట్టలా లేచి అవతల ఏముందో కనిపించని చోటును క్రెస్ట్ అంటారు. బస్సులో కూర్చుని ఇవి రాస్తూ, తిరుగు ప్రయాణంలో అదే దారికి మళ్ళీ రాసి పోల్చి చూసుకో. పోయేటప్పటి కుడి మలుపు వచ్చేటప్పుడు ఎడమ అవుతుంది, అంకె ఒక్కోసారి మారుతుంది. ఎందుకు మారిందో ఆలోచించు. ఇంకో లాభం ఉంది. కదిలే బండిలో తల వంచి కాగితం చూస్తే చాలామందికి కడుపులో తిప్పుతుంది. నాకు మొదటి రెండు ర్యాలీలూ అదే బాధ. అలవాటైతే తగ్గుతుంది. ఆ అలవాటు టికెట్ డబ్బులతో బస్సులో చేసుకోవడం మంచిది, ఎంట్రీ ఫీజు కట్టిన కారులో కంటే.

నావిగేటర్ అంటే రెండో మనిషి అనుకోవద్దు. కేరళలోని కాసరగోడ్‌కు చెందిన మూసా షరీఫ్ పేరు విను. ఎన్నోసార్లు జాతీయ చాంపియన్ అయింది ఎడమ సీటులో కూర్చునే.  ఎడమ సీటులో ఏడాది కూర్చున్నవాడు డ్రైవింగ్ సీటుకు మారితే రోడ్డు కనిపించే తీరే వేరుగా ఉంటుంది. మలుపు కంటే ముందే మలుపును మనసులో చూస్తాడు.

ఇక నీ దగ్గర ఉన్న పెద్ద ఆస్తి గురించి. అది నీ చేతిలోని పానా. నీ ఉత్తరంలో ఆ సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు, నాకు బాధేసింది. ర్యాలీలో సర్వీస్ పార్క్ అని ఉంటుంది. కారు రెండు మూడు స్టేజ్‌లు తిరిగి వస్తుంది. లోపల మొరం దుమ్ము, చక్రాల మధ్య బురద, లోయర్ ఆర్మ్ వంగి ఉంటుంది, డ్రైవ్ షాఫ్ట్ రబ్బర్ బూట్ చిరిగి గ్రీజు కారుతుంటుంది. టీముకు ఇరవై ముప్పై నిమిషాలే ఉంటాయి. ఒకసారి చిక్‌మగళూరు దగ్గర ఒక కుర్రాడు పనిచేయడం చూశాను. కారు ఇంకా పూర్తిగా ఆగకముందే వంగి ముందు చక్రం లోపలికి ఒక్క చూపు చూశాడు. జాకీ పెట్టేసరికే ఏ సైజు పానాలు కావాలో పక్కవాడికి చెప్పేశాడు. అటు పాత ఆర్మ్ ఊడుతుంటే ఇటు కొత్తది చేతిలో సిద్ధం. నట్లు బిగించాక ప్రతిదాని మీదా తెల్ల పెయింట్ పెన్నుతో గీత పెట్టాడు, తర్వాతి సర్వీసులో ఏ నట్టు తిరిగిందో చూడగానే తెలియాలని. ఆ చక్రం కింద ఇంకో మనిషి ప్రాణం ఉందని ఆ కుర్రాడి చేతులకు తెలుసు. అలాంటి చేతుల కోసం టీములు వెతుకుతుంటాయి. కోయంబత్తూరు, బెంగళూరు, చెన్నై, చిక్‌మగళూరు ఈ ఆటకు పుట్టిళ్ళు. జడ్చర్లలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే రాత్రికి రాత్రి బెంగళూరు చేరొచ్చు. సెలవు పెట్టుకుని ఒక ర్యాలీకి వెళ్ళు, సర్వీస్ పార్క్‌లో ఏదో ఒక చిన్న టీమును కలిసి, ఆరేండ్ల అనుభవం ఉంది, తిండి పెడితే చాలు, పనిచేస్తానని చెప్పు. ఒక ర్యాలీలో నేర్చుకున్నది నీ నాలుగు లక్షలతో రాదు.

మార్షల్‌గా వెళ్ళే దారి కూడా ఉంది. ర్యాలీ నడిపే క్లబ్బులకు ఎప్పుడూ మనుషులు కావాలి. స్టేజ్ పక్కన నిలబడి, జనాన్ని వెనక్కి పంపుతూ, వచ్చిన ప్రతి కారు నంబరూ టైమూ రాసుకుంటూ రోజంతా ఎండలో ఉండాలి. అక్కడ నిలబడితే ఒకే మలుపును ముప్పై మంది ముప్పై రకాలుగా తిప్పడం చూస్తావు. పల్టీ కొట్టిన కారు నుంచి మనుషులు బయటికొచ్చి చేసే మొదటి పని కూడా చూస్తావు. వెనక వచ్చేవాళ్ళ కోసం కనీసం యాభై మీటర్ల వెనక ఎర్ర త్రికోణం పెట్టాలి. దెబ్బలు లేకపోతే ఓకే బోర్డు చూపాలి, ఉంటే ఎర్రటి ఎస్ఓఎస్. ఎస్ఓఎస్ చూసిన కారు తన టైము పోయినా సరే ఆగాలి. ఆగనివాడికి ఈ ఆటలో చోటు లేదు.

ఇప్పుడు కారు. నీ స్విఫ్ట్‌ను కోయించకు. రోల్ కేజ్ వేస్తే అది ఇంటి కారుగా పనికిరాదు. హెల్మెట్ లేకుండా ఆ ఇనుప గొట్టాల మధ్య కూర్చుంటే చిన్న గుద్దుకే తల పగులుతుంది, అమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా అందులో కూర్చోబెట్టలేవు. రిజిస్టర్ అయిన బండి రూపం మార్చడానికి 52వ సెక్షన్ అడ్డం. పైగా ఊళ్ళో వెల్డింగ్ షాపులో వేసిన కేజ్‌ను ర్యాలీకి ముందు కార్లను తనిఖీ చేసే స్క్రూటినీలో ఒప్పుకోరు. గొట్టం రకం, మందం, వంపులు, వెల్డింగులు, అన్నింటికీ నిబంధనలుంటాయి. అవి ఒట్టి కాగితాల కోసం పెట్టినవి కావు. నీళ్ళ పైపుతో చేసిన కేజ్ పల్టీలో లోపలికే వంగి గుచ్చుకుంటుంది.

చిట్టీ కూడా ఇప్పుడు ఎత్తకు. తొందరపడి పాట పాడితే ఎంత పోగొట్టుకుంటావో నీకే తెలుసు. చివరిదాకా ఉండనివ్వు. స్టేజ్ ర్యాలీకి నీ టైము వచ్చినప్పుడు మొదట కొనాల్సింది నీ ఒంటి మీద ఉండేవి. అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్ సమాఖ్య ఎఫ్ఐఏ ముద్ర ఉన్న హెల్మెట్, మెడ విరగకుండా కాపాడే హాన్స్, మంటలకు తట్టుకునే సూట్, గ్లౌజులు, బూట్లు. బైకుకు వాడే ఐఎస్ఐ హెల్మెట్ ఇక్కడ పనికిరాదు. ఇవన్నీ కలిపితే చిన్న ఖర్చు కాదు. హెల్మెట్, హాన్స్ సెకండ్ హ్యాండ్‌లో మాత్రం కొనకు. పైకి ఏమీ కనిపించకపోయినా ఒకసారి దెబ్బ తిన్నది రెండోసారి కాపాడకపోవచ్చు. కారు మాత్రం అద్దెకు తీసుకో. కేజ్, సీటు, బెల్టులు అన్నీ పెట్టి సిద్ధం చేసిన కార్లు అద్దెకిచ్చే టీములు దక్షిణాదిలో ఉన్నాయి. జాతీయ స్థాయి స్టేజ్ ర్యాలీకి ఒకేసారి దూకకుండా ముందు ఆటోక్రాస్, తర్వాత చిన్న స్టేజ్ లాంటి ర్యాలీ స్ప్రింట్ ఆడు. ఆటోక్రాస్ అంటే చిన్న దూరం, మూసేసిన మైదానం, తప్పు చేస్తే దారికి గుర్తుగా పెట్టిన డబ్బాలు పడిపోతాయి, అంతే.

లైసెన్సు ఇచ్చేది ఎఫ్ఎంఎస్సీఐ, మన దేశంలో మోటార్ స్పోర్ట్‌కు గుర్తింపు ఉన్న సమాఖ్య. 1971లో మొదలైంది. డ్రైవింగ్ లైసెన్సు, బ్లడ్ గ్రూపు, డాక్టర్ సంతకంతో ఆరోగ్య పత్రం కావాలి. నావిగేటర్‌కు కూడా లైసెన్సు ఉండాలి. జాతీయ ర్యాలీ చాంపియన్‌షిప్ 1988 నుంచి నడుస్తోంది. ఒకప్పుడు హైదరాబాద్‌లోనూ చార్మినార్ ఛాలెంజ్ పేరుతో ర్యాలీ జరిగేది. అంటే ఈ ఆట మన నేలకు కొత్త కాదు.

నేల అంటే గుర్తొచ్చింది. నీకు పుట్టుకతో వచ్చిన చదువు ఒకటుంది, పట్నం పిల్లలకు లేనిది. మొరం రోడ్డు ఎప్పుడు గట్టిగా ఉంటుందో, ఎప్పుడు పైన గులకరాళ్ళు గోళీల్లా దొర్లుతాయో నీ కాళ్ళకే తెలుసు. చల్క నేల మొదటి వానకు ఎలా జారుతుందో, నల్లరేగడి చక్రానికి ఎలా పట్టుకుని వదలదో చూస్తూ పెరిగావు. ర్యాలీలో మొదట పోయే కార్లు పైనున్న వదులు మొరాన్ని ఊడ్చుకుంటూ పోతాయి, వెనక వచ్చేవాళ్ళకు కింది గట్టి నేల దొరుకుతుంది. ఇంకా వెనక వచ్చేసరికి గాడులు పడి రాళ్ళు పైకి తేలతాయి. ఒకే స్టేజ్ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. చేనుకు పోయేటప్పుడు బండ్ల బాట మీద ఎడ్ల బండి గాడిలో నడవాలా, నడిమి గడ్డి మీద నడవాలా అని నువ్వు ఆలోచించకుండానే తేల్చుకుంటావు కదా. దాన్ని ఇప్పుడు ఆలోచించి, మాటల్లో పెట్టి నోట్‌బుక్‌లో రాయి. వాన పడ్డాక అదే బాట మళ్ళీ చూసి ఏం మారిందో రాయి. బీడు భూమిలో కారు తిప్పి చూద్దామనిపిస్తే ముందు నడిచి చూడు. గట్టు లేని వ్యవసాయ బావులు, వదిలేసిన బోరు గుంటలు మన చేన్లలో ఎన్ని ఉన్నాయో తెలుసు కదా.

26 ఆలస్యమా అని అడిగావు. కాదు. నేను మొదటిసారి రోడ్ బుక్ పట్టుకున్నప్పుడు నాకు 34.

అమ్మకు చెప్పు. దాచి ఆడే ఆట కాదిది. ఎంట్రీ ఫారంలో ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలని ఒక గడి ఉంటుంది. అక్కడ ఆమె నంబరే రాస్తావు. ఆ ఫోన్ వచ్చినప్పుడే ఆమెకు తెలియకూడదు. రాత్రిపూట ప్రాక్టీస్ మానేశానన్న మాటతో మొదలుపెట్టు, అది చెప్తే మిగతాది వింటుంది. ప్రభుత్వం గుర్తించిన ఆటేనా అని అడిగితే, గౌరవ్ గిల్ అనే ర్యాలీ డ్రైవర్‌కు 2019లో అర్జున అవార్డు ఇచ్చారని చెప్పు. మోటార్ స్పోర్ట్‌లో ఆ అవార్డు అందుకున్న మొదటి మనిషి ఆయనే. వీలైతే నీ మొదటి టీఎస్‌డీ చూడటానికి ఆమెను తీసుకురా. ముప్పై, నలభైలో పోయే కార్లను చూస్తే ఆమె భయం సగం తగ్గుతుంది.

కొండమల్లేపల్లి చౌరస్తా నుంచి నువ్వు గీసే రోడ్ బుక్ ఫొటోలు తీసి నాకు పంపు. నీ మీటర్ ఎంత తేడా చూపిస్తోందో కూడా పైన రాయి. లెక్కలు నేను దిద్ది పంపిస్తాను.